భూగర్భ సరిహద్దును కనుగొన్న మహనీయుడు – ఆంద్రియా మొహొరొవిచిచ్

మనిషి చంద్రుడి మీద కాలు మోపింది 1969లో. చంద్రుడు మనకు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అంత దూరం వెళ్ళి, అక్కడి మట్టి తీసుకుని క్షేమంగా తిరిగి వచ్చిన మనిషి, తన కాళ్ళ కింద ఉన్న భూమిలోకి మాత్రం ఎంత లోతు పోగలిగాడు? రష్యాలోని కోలా ద్వీపకల్పంలో 1970లో ఒక రంధ్రం తొలవడం మొదలుపెట్టారు. పందొమ్మిదేళ్ళు శ్రమపడి 1989లో 12,262 మీటర్లకు చేరారు. అంతకు మించి పోలేక ఆగిపోయారు. భూమి కేంద్రం 6,371 కిలోమీటర్ల లోతున ఉంది. అంటే అందులో అయిదు వందల వంతు కూడా మనం తొలవలేదన్న మాట.

అయినా మన పాఠ్యపుస్తకాల్లో భూమి లోపలి బొమ్మ ఉంటుంది. పైన పలచటి భూపటలం, దాని కింద భూప్రావారం, మధ్యన కేంద్రమండలం. జామకాయను కోసి చూపినట్టు రంగులు వేసి చూపిస్తారు. పరీక్షలో ఆ బొమ్మ గీస్తే అయిదు మార్కులు. ఎవరూ పోయి చూడని చోటికి ఇంత కచ్చితంగా కొలతలు ఎట్లా రాస్తున్నారు? భూపటలం ఇక్కడితో అయిపోయింది, ఇక్కడి నుంచి వేరే రాయి అని చెప్పిన మొదటి మనిషి ఎవరు? ఈ ప్రశ్నకు జవాబుగా వచ్చే పేరు పలకడానికి కొంచెం కష్టమే. ఆయన పేరు ఆంద్రియా మొహొరొవిచిచ్. ఆయన కనిపెట్టిన సరిహద్దుకు శాస్త్రజ్ఞులు ఆయన పేరే పెట్టి, నోరు తిరగక మోహో అని పిలుచుకుంటున్నారు. ఆ మోహో గురించి చాలామందికి తెలుసు. ఆ మనిషి గురించి తెలిసినవాళ్ళు తక్కువ. అందుకే మన సంచికకు ఈ వ్యాసం రాస్తున్నాను.

నేను ఈయన జీవితాన్నే ఎంచుకోవడానికి ఇంకొక కారణం కూడా ఉంది. మాది నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతం. ఉదయగిరి వైపు. కాలవ నీళ్ళు లేవు, బోరు పడితేనే పైరు. భూమి లోపల ఏముందో తెలియకపోతే ఏమవుతుందో మా వూళ్ళో ప్రతి ఇంటికీ తెలుసు. మా నాన్న వేయించిన మూడు బోర్లలో రెండు ఎండిపోయినవే. వేపమండ పట్టుకుని నడిచేవాళ్ళు, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచేవాళ్ళు వచ్చి జాగా చూపిస్తారు. అడుగుకు ఇంత అని లెక్కగట్టి బోరు బండి దిగుతుంది. రాతిపొడి తెల్లగా లేస్తుంటే ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి తడి కోసం చూస్తాం. తడి రాకపోతే అప్పు మాత్రం మిగులుతుంది. కనిపించని దాని గురించి గట్టిగా చెప్పడానికి ఆధారం ఏది అన్నది మాబోటివాళ్ళకు తిండికి సంబంధించిన ప్రశ్న. మొహొరొవిచిచ్ గారు ఆ ప్రశ్నకే ఇంకా పెద్ద లోతులో జవాబు వెతికారు.

బాల్యము – విద్య

మన దేశంలో సిపాయిల తిరుగుబాటు జరిగిన 1857లోనే, జనవరి 23వ తేదీన, వొలొస్కొ అనే చిన్న రేవు పల్లెలో ఆయన పుట్టారు. ఏడ్రియాటిక్ సముద్రపు ఒడ్డున ఒపాతియా అనే పట్టణం పక్కన ఉంటుంది ఆ పల్లె. అప్పట్లో అది ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. ఇప్పుడు క్రొయేషియా దేశంలో ఉంది. తండ్రి పేరు కూడా ఆంద్రియాయే. ఆయన కమ్మరి. ఓడలకు లంగర్లు చేసేవాడు. తల్లి మరియా ఈ బిడ్డ పుట్టిన కొద్దికాలానికే చనిపోయింది. తల్లి ముఖం తెలియని పిల్లవాడు కొలిమి మంటల దగ్గర, సమ్మెట దెబ్బల చప్పుడులో పెరిగాడు.

పక్కనే ఉన్న రియేకా పట్టణంలో హైస్కూలు చదువు సాగింది. రేవు పట్టణాల్లో పలు భాషలవాళ్ళు కలుస్తారు. పదిహేనేళ్ళకే ఆ కుర్రవాడు సొంత భాష గాక ఇటాలియన్, ఫ్రెంచి, ఇంగ్లీషు నేర్చాడు. తరవాత జర్మన్, లాటిన్, గ్రీకు కూడా పట్టుబడ్డాయి. ఈ భాషల సంగతి ఊరికే గొప్ప కోసం చెప్పడం లేదు. తరవాత ఆయన చేసిన పని దేశదేశాల నుంచి వచ్చిన కాగితాలు చదివితే గాని సాగేది కాదు.

1875లో పద్దెనిమిదేళ్ళ వయసులో ప్రాగ్ విశ్వవిద్యాలయంలో గణితము, భౌతికశాస్త్రము చదవడానికి వెళ్ళారు. అక్కడి ఉపాధ్యాయుల్లో ఒకరు ఎర్న్‌స్ట్ మాక్. విమానాల వేగాన్ని కొలిచే మాక్ నంబరు మనమంతా చదువుకున్నాం గదా, ఆ మాకే. కమ్మరి కొడుకు అంతటి భౌతికశాస్త్రవేత్త ముందు కూర్చుని పాఠం విన్నాడు.

మబ్బుల పంతులు

చదువు అయ్యాక పరిశోధన ఉద్యోగం ఏమీ ఎదురు రాలేదు. బడిపంతులు ఉద్యోగం దొరికింది. మొదట జాగ్రెబ్‌లో, తరవాత ఒసియెక్‌లో చెప్పారు. 1882లో రియేకా దగ్గర బాకర్ అనే ఊళ్ళో ఉన్న నావికా పాఠశాలకు మారారు. ఓడల మీద పోబోయే కుర్రవాళ్ళకు వాతావరణము, సముద్రశాస్త్రము చెప్పడం అక్కడ ఆయన పని. సిల్వియా అనే ఆమెను పెళ్ళి చేసుకున్నారు. నలుగురు కొడుకులు పుట్టారు. వారిలో స్త్యెపాన్ తరవాత భౌతికశాస్త్రవేత్త అయ్యాడు.

పాఠం చెప్పి ఇంటికి పోతే ఎవరూ అడిగేవారు కారు. ఆయన అట్లా ఊరుకోలేదు. బాకర్ అఖాతం చుట్టూ కొండలు. ఆ కొండల మీద నుంచి బూరా అనే చలిగాలి విరుచుకుపడుతుంది. 1887లో అక్కడ ఒక వాతావరణ కేంద్రం నెలకొల్పారు. మబ్బులు ఏ దిక్కుకు, ఎంత వేగంగా పోతున్నాయో కొలిచే పరికరాన్ని తానే తయారు చేసుకున్నారు. గాలి కొండ దాటి దిగేటప్పుడు ఒకచోట నిలబడి గిరగిర తిరిగే మబ్బును ఆయన గమనించి, వర్ణించి ప్రకటించారు. అడ్డంగా పడుకోబెట్టిన ఇరుసు మీద చక్రం తిరిగినట్టు అది తిరుగుతుంది. విమానాలు వచ్చాక పైలట్లు భయపడిన గాలి అదే. విమానం పుట్టకముందే ఒక చిన్న రేవు ఊళ్ళో బడిపంతులు దాన్ని కనిపెట్టి రాసి ఉంచాడు.

1891లో తానే కోరుకుని జాగ్రెబ్‌కు బదిలీ అయ్యారు. మరుసటి ఏడు ఆ నగరంలో గ్రిచ్ అనే మెట్ట మీద ఉన్న వాతావరణ పరిశీలనశాలకు అధిపతి అయ్యారు. బాకర్ మబ్బుల మీద చేసిన పనికి 1893లో జాగ్రెబ్ విశ్వవిద్యాలయం డాక్టరేటు ఇచ్చింది. అప్పటికి వయసు ముప్పయి ఆరు. 1892లో నొవ్‌స్కా అనే చోట సుడిగాలి వచ్చి, పదమూడు టన్నుల రైలు పెట్టెను యాభై మంది ప్రయాణికులతో సహా ఎత్తి ముప్పయి మీటర్ల అవతల పారేసింది. దాన్ని కూడా ఆయన పరిశీలించి రాశారు. కనిపించని గాలి శక్తిని, అది చేసిన పనిని బట్టి లెక్కగట్టడం ఆయనకు అలవాటయింది. ఈ అలవాటే తరవాత భూమి లోపలికి పనికొచ్చింది.

ఆకాశం నుంచి పాతాళానికి

జాగ్రెబ్ నగరానికి భూకంపం కొత్త కాదు. 1880 నవంబరు 9న వచ్చిన పెద్ద భూకంపంలో నగరం దారుణంగా దెబ్బతిన్నది. ప్రధాన చర్చి కూడా పాడయింది. కాని భూకంపాన్ని కొలిచే సరైన పరికరం అక్కడ చాలాకాలం లేదు. ఈ శతాబ్దానికి ముందు శతాబ్దపు మొదటి రోజుల్లో మొహొరొవిచిచ్ గారి దృష్టి వాతావరణం నుంచి భూకంపాల మీదికి మళ్ళింది. 1906లో పరిశీలనశాలలో మొదటి భూకంపలేఖిని నిలిపారు. 1908, 1909 సంవత్సరాల్లో జర్మనీకి చెందిన వీహెర్ట్ రూపొందించిన మేలైన యంత్రాలు తెప్పించారు. ఒక బరువైన ముద్దను తలకిందుల లోలకంలా నిలబెడతారు. భూమి కదిలినా ఆ బరువు వెంటనే కదలదు. ఆ తేడాను ఒక సూది పొగచూరిన కాగితం మీద గీస్తుంది. ఇంతే దాని సూత్రం.

ఇక్కడ ఒక మంచి విషయం చెప్పాలి. 1909లో ఆయన ఇంజనీర్లకు, కట్టడపు శిల్పులకు భూకంపాలు భవనాల మీద చూపే ప్రభావం గురించి ఉపన్యాసం ఇచ్చారు. భూమి ఊగినప్పుడు ఇల్లు ఎట్లా ఊగుతుంది, కట్టేవాళ్ళు ఏమి గమనించాలి అన్నది భౌతికశాస్త్రం ఆధారంగా విడమర్చారు. భూకంపాన్ని ఆపలేము, కూలే ఇంటిని మాత్రం కూలకుండా కట్టగలము అన్నదే ఆ పని వెనుక ఉన్న ఆలోచన.

అదే సంవత్సరం అక్టోబరు 8న, జాగ్రెబ్‌కు దక్షిణంగా సుమారు నలభై కిలోమీటర్ల దూరంలో, కూపా నది లోయలోని పొకుప్‌స్కొ దగ్గర భూమి గట్టిగా కంపించింది. ఆ లోయ అడుగున భ్రంశాలు ఉన్నాయి. భ్రంశం అంటే రాళ్ళు విరిగి, ఒక పక్క ఇంకొక పక్కను ఒరుసుకుంటూ జరిగే చీలిక. ఏళ్ళ తరబడి బిగిసిన ఒత్తిడి ఒక్కసారి సడలితే రాయి జారుతుంది. 1906 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపాన్ని పరిశోధించి ఈ సంగతిని రీడ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1910లో సిద్ధాంతంగా చెప్పాడు. జారినప్పుడు పుట్టిన అదురు అన్ని దిక్కులా తరంగాలుగా పోతుంది. కొత్త యంత్రాలు పెట్టిన కొద్దికాలానికే, కూతవేటు దూరంలో వచ్చినట్టు, ఈ భూకంపం వచ్చింది. ఆయనకు అప్పుడు యాభై రెండేళ్ళు.

రెండు కాదు, నాలుగు

భూకంపంలో ప్రధానంగా రెండు రకాల తరంగాలు భూమి లోపలి నుంచి వస్తాయి. మొదటిది పి తరంగం. రాయిని నొక్కుతూ సాగదీస్తూ, శబ్దం గాలిలో పోయినట్టు పోతుంది. ఇది ముందు చేరుతుంది. రెండవది ఎస్ తరంగం. తాడును పట్టి విదిలిస్తే మెలిక పోయినట్టు, అడ్డంగా ఊపుతూ పోతుంది. ఇది వెనక వస్తుంది. వీటిని భూకంప రికార్డుల్లో వేరుగా గుర్తించి చూపినవాడు ఓల్డ్‌హామ్. ఆయన మన జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసినవాడు. 1897 జూన్ 12న అస్సాంను నేలమట్టం చేసిన భూకంపం ఆయనకు ఆ దారి చూపింది.

మొహొరొవిచిచ్ గారు తన దగ్గర ఉన్న ఒక్క కాగితంతో తృప్తిపడలేదు. ఐరోపా అంతటా ఉన్న భూకంప కేంద్రాలకు ఉత్తరాలు రాసి, 1909 అక్టోబరు 8 నాటి రికార్డులు తెప్పించుకున్నారు. ప్రతి కేంద్రం ఎంత దూరంలో ఉంది, అక్కడికి ఏ తరంగం ఏ సెకనులో చేరింది అన్నది వరసగా గీశారు. ఒక్క సెకను తప్పు పడితే లెక్కలో ఏడెనిమిది కిలోమీటర్ల తేడా వస్తుంది. అంత నేర్పుగా చూడగా ఒక వింత కనబడింది. కొన్ని వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న కేంద్రాల్లో ఒక పి, ఒక ఎస్ ఉండవలసింది పోయి, రెండు పి తరంగాలు, రెండు ఎస్ తరంగాలు ఉన్నాయి. భూకంపం ఒక్కటే. భ్రంశం జారింది ఒక్కసారే. మరి జంటలు ఎక్కడివి?

మరొకరైతే యంత్రం పొరపాటు అనుకునేవారేమో. ఆయన మాత్రం అవి ఒకే చోట పుట్టి, రెండు వేరు వేరు దారుల్లో వచ్చిన తరంగాలని గ్రహించారు.

దీన్ని మన పల్లె లెక్కలో చెబుతాను. మా వూరి నుంచి పక్క వూరికి డొంక దారి ఉంది. సైకిలు మీద డొంకన పడి పోతే త్వరగా చేరతాం. తారురోడ్డు ఎక్కాలంటే ముందు రెండు మైళ్ళు పక్కకు పోవాలి, దిగాక మళ్ళీ రెండు మైళ్ళు నడవాలి. పక్క వూరికి ఆ తిరుగుడు దండగ. కాని నెల్లూరికి పోవాలంటే? తారురోడ్డు ఎక్కి బస్సులో పోయినవాడే ముందు చేరతాడు. డొంకన పోయినవాడు వెనక వస్తాడు. ఇద్దరూ ఒకే వూరి నుంచి ఒకేసారి బయలుదేరినవాళ్ళే. ఇద్దరి రాకకూ మధ్య ఎంత తేడా ఉందో చూస్తే, తారురోడ్డు ఎంత దూరాన ఉందో, దాని మీద బస్సు ఎంత వేగంగా పోతుందో మనం ఇంట్లో కూర్చుని లెక్కగట్టవచ్చు.

భూమిలో డొంక అంటే భూపటలం. తారురోడ్డు అంటే దాని కింద ఉన్న భూప్రావారం. ఉదాహరణకు పటలం మందం 40 కిలోమీటర్లు, అందులో పి వేగం సెకనుకు 6 కిలోమీటర్లు, ప్రావారంలో 8 కిలోమీటర్లు అనుకోండి. భూకంపం పైపైనే పుట్టిందనుకుంటే, 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న కేంద్రానికి సూటి తరంగం సుమారు 17 సెకన్లలో చేరుతుంది. కిందికి దిగి, సరిహద్దు వెంట పరుగెత్తి, మళ్ళీ పైకి వచ్చేదానికి 21 సెకన్లు పడుతుంది. అదే 300 కిలోమీటర్లకు సూటి తరంగానికి 50 సెకన్లు, కింది దారిన పోయేదానికి 46 సెకన్లు చాలు. ఇంచుమించు 210 కిలోమీటర్ల దగ్గర వెనకది ముందుదాన్ని దాటిపోతుంది. ఈ లెక్క చేయడానికి మన ఇంటర్మీడియట్‌లో నేర్చిన వక్రీభవన సూత్రము, పైథాగరస్ సిద్ధాంతము చాలు. మిత్రులు కాగితం తీసుకుని చేసి చూడండి.

ఆయన తన లెక్కల్లో పై పొర వేగం సెకనుకు సుమారు 5.6 కిలోమీటర్లని, దాని కింద ఒక్కసారిగా సుమారు 7.75కు పెరుగుతున్నదని తేల్చారు. ఈ మార్పు జరిగే లోతు 54 కిలోమీటర్లని చెప్పారు. మార్పు మెల్లమెల్లగా వచ్చేది కాదు, గడప దాటినట్టు వస్తుంది. అంటే అక్కడ రాయి స్వభావమే మారుతున్నది. 1910లో ఈ ఫలితాన్ని పరిశీలనశాల వార్షిక నివేదికలో సొంత క్రొయేషియా భాషలోను, జర్మన్‌లోను ప్రకటించారు. ఏ పెద్ద రాజధాని పత్రికలోనూ కాదు, తన ఆఫీసు సంవత్సర నివేదికలో.

ఇప్పటి కొలతల ప్రకారం ఆ ప్రాంతంలో సరిహద్దు 54 కిలోమీటర్ల లోతున లేదు, ఇంకా పైనే ఉంది. అంకె మారింది. అయితే సరిహద్దు ఉన్నదన్న మాట మారలేదు. ఆ తరవాత ప్రపంచంలో ఎక్కడ వెతికినా అది కనబడింది. ఖండాల కింద మామూలుగా 30 నుంచి 50 కిలోమీటర్లు, టిబెట్ పీఠభూమి కింద సుమారు 70, మహాసముద్రాల అడుగున మాత్రం నేల నుంచి ఆరేడు కిలోమీటర్లే. భూమి అంతటికీ చర్మం ఉందని, దాని మందం చోటు చోటుకూ మారుతుందని ఇట్లా రుజువయింది.

మన నేల కింద

ఈ కథకు మన తెలుగు నేలతో ఒక సంబంధం ఉంది. అది తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది. భూకంపం వచ్చేదాకా కాచుకుని కూర్చోకుండా, నేలలో గుంతలు తొలిచి మందుగుండు పేల్చి, ఆ అదురును బారుగా పరచిన పరికరాల్లో పట్టి, మొహొరొవిచిచ్ పద్ధతిలోనే లోతులు కొలవవచ్చు. మన దేశంలో ఈ రకమైన మొదటి పెద్ద సర్వేను 1970ల తొలి భాగంలో, హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ సోవియట్ శాస్త్రజ్ఞుల సహకారంతో చేసింది. ఆ గీత నెల్లూరు జిల్లా కావలి దగ్గర మొదలై, కడప పలకరాళ్ళ ప్రాంతం మీదుగా, కర్ణాటక దాటి పడమటి తీరాన ఉడిపి దాకా సాగింది. పొడవు సుమారు 600 కిలోమీటర్లు. మోహో మన కింద ఇంచుమించు 35 నుంచి 40 కిలోమీటర్ల లోతున ఉన్నట్టు తేలింది. కడప రాళ్ళ తూర్పు అంచున, పెద్ద భ్రంశం వెంట తూర్పు వైపు రాళ్ళు పడమటి రాళ్ళ మీదికి ఎక్కి ఉన్నాయని కూడా తెలిసింది. మా వెలిగొండలు ఆ అంచునే ఉన్నాయి. చిన్నప్పటి నుంచి రోజూ చూసే కొండల అడుగున ఇంత కథ ఉందని నాకు డిగ్రీకి వచ్చాక గాని తెలియలేదు.

ఇప్పుడు పద్ధతులు ఇంకా పెరిగాయి. భ్రంశానికి అడ్డంగా వరసలో పరికరాలు పాతిపెట్టి, ఎక్కడో వేల కిలోమీటర్ల దూరంలో వచ్చే భూకంపాల తరంగాల కోసం నెలల తరబడి కాచుకుంటారు. కింది నుంచి వచ్చే పి తరంగం మోహోను దాటేటప్పుడు అందులో కొంత భాగం ఎస్ తరంగంగా మారుతుంది. రెంటి రాకకూ మధ్య ఉన్న కొద్ది సెకన్ల తేడాతో అక్కడ మోహో ఎంత లోతున ఉందో చెప్పవచ్చు. భ్రంశానికి ఒక పక్క ఒక లోతు, ఇంకొక పక్క వేరొక లోతు వస్తే, ఆ చీలిక పై పైది కాదని, పటలం అడుగు దాకా దిగిందని అనుమానించవచ్చు. భ్రంశం చుట్టూ నలిగిన రాళ్ళలో తరంగాలు నెమ్మదిస్తాయి. దాన్ని బట్టి నలుగుడు ఎంత మేర ఉందో తెలుస్తుంది.

ఇది మనకు అక్కరలేని చదువు కాదు. 1967లో కొయ్నా, 1969 ఏప్రిల్‌లో భద్రాచలం, 1993 సెప్టెంబరు 30న లాతూరు. లాతూరు భూకంపంలో సుమారు పదివేలమంది నిద్రలోనే రాతి గోడల కింద పడి పోయారు. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు అడవుల్లో పుట్టిన 5.3 తీవ్రత గల కంపం హైదరాబాదు, విజయవాడల దాకా తెలిసింది. దక్కను పీఠభూమి చలించనిది అని పెద్దలు అనుకున్న మాట పూర్తిగా నిజం కాదు. మొహొరొవిచిచ్ గారి సొంత కూపా లోయలోనే, 2020 డిసెంబరు 29న పెత్రిన్యా పట్టణం దగ్గర 6.4 తీవ్రతతో భూకంపం వచ్చి ఏడుగురు చనిపోయారు. భూమి పాత చీలికలను మరిచిపోదు. ఇళ్ళు కట్టేవాళ్ళే మరిచిపోతుంటారు.

చరమదశ – కీర్తి

1910 తరవాత కూడా ఆయన పని ఆపలేదు. లోతుకు పోయేకొద్దీ తరంగ వేగం ఎట్లా పెరుగుతుందో తెలిపే సూత్రం రూపొందించారు. విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. దేశాల మధ్య ఉత్తరాలు నడవని రోజుల్లో పది దేశాల కాగితాలు కలిపి చూసే శాస్త్రం ఎట్లా సాగుతుంది? యుద్ధం అయ్యేసరికి ఆయన పుట్టిన సామ్రాజ్యమే మాయమైంది. 1920ల ఆరంభంలో ఉద్యోగం విరమించారు. 1936 డిసెంబరు 18న జాగ్రెబ్‌లో, దాదాపు ఎనభై ఏళ్ళ వయసులో కన్నుమూశారు. అదే 1936లో డెన్మార్కు శాస్త్రవేత్త్రి ఇంగె లేమన్ భూమి నడిమధ్యన వేరొక గోళం ఉందని, ఇదే తరహా తరంగాల లెక్కతో ప్రకటించింది. ఆయన తెరిచిన తలుపులో నుంచి మిగతావాళ్ళు ఎంత లోపలికి పోయారో దీన్ని బట్టి తెలుస్తుంది.

మోహోను తొలిచి, కింది రాయిని చేత్తో పట్టుకుని చూడాలన్న కోరిక 1950లలో అమెరికావారికి కలిగింది. సముద్రం అడుగున పటలం పలచన గనుక 1961లో మెక్సికో తీరానికి దూరంగా, గ్వాడలూప్ దీవి దగ్గర, మూడున్నర కిలోమీటర్ల నీళ్ళ కింద తొలిచారు. సముద్రపు నేలలోకి 183 మీటర్లు పోయారు. ఖర్చు పెరిగిపోయి 1966లో ఆ పథకం మూలపడింది. 2023లో అట్లాంటిక్ అడుగున, భూమి కదలికల వల్ల ప్రావారపు రాళ్ళు పైకి తేలివచ్చిన ఒకచోట 1,268 మీటర్లు తొలిచి ఆ రాతిని బయటికి తీశారు. కాని మామూలు పటలాన్ని పూర్తిగా తొలిచి మోహోను దాటినవాళ్ళు లేరు. ఆయన చూడకుండా చెప్పిన సరిహద్దును తొలిచి చూసినవాళ్ళు ఇంకా లేరన్న మాట. చంద్రుడి అవతలి వైపున ఉన్న ఒక గుంటకు ఆయన పేరు పెట్టారు. జాగ్రెబ్ విశ్వవిద్యాలయపు భూభౌతిక సంస్థకూ ఆయన పేరే.

మనము నేర్వవలసినది

మహనీయుల జీవితాలు చదివి చప్పట్లు కొట్టి ఊరుకుంటే ప్రయోజనం లేదు. ఈయన జీవితంలో నాకు మూడు విషయాలు పట్టుకోదగినవిగా కనిపించాయి.

మొదటిది, పెద్ద పనికి పెద్ద ఊరు అక్కరలేదు. బాకర్‌లో బడిపంతులుగా ఉండి కూడా మబ్బుల లెక్క రాశారు. మన కాలేజీ లాబరేటరీలో అది లేదు ఇది లేదు అని మనం అనుకుంటాం. నిజమే, లేవు. అయితే వర్షం కొలిచే గొట్టం, బావుల్లో నీటిమట్టం కొలిచే తాడు ఏ ఊళ్ళోనైనా ఉంటాయి. పదేళ్ళు రోజూ రాస్తే ఆ నోటుబుక్కే ఒక పరికరం అవుతుంది.

రెండవది, ఆయన జవాబు ఆయన ఒక్కడి కాగితంలో లేదు. పేరు తెలియని ఎందరో గుమాస్తాలు, పరిశీలకులు తమ తమ ఊళ్ళల్లో గడియారం సరిగా పెట్టుకుని, పొగ కాగితం మార్చి, జాగ్రత్తగా దాచి పంపారు. వాళ్ళలో ఒక్కడు సోమరిపోతు అయినా ఒక చుక్క తప్పేది. ప్రాక్టికల్ రికార్డులో రీడింగులు పక్కవాడి పుస్తకం చూసి ఎక్కించే అలవాటు మనలో ఉన్నంతవరకు మన నుంచి ఏ మోహో బయటికి రాదు. ఈ మాట కొందరు మిత్రులకు కటువుగా ఉండవచ్చు గాని చెప్పకుండా ఉండలేను.

మూడవది, నాకు అన్నిటికంటె ముఖ్యమైనది. ఈ తరంగాల పద్ధతి నలభై కిలోమీటర్లకే గాక నలభై మీటర్లకూ పనిచేస్తుంది. నేల మీద ఇనుప పలక పెట్టి సమ్మెటతో కొట్టి, ఆ అదురు వరసగా పెట్టిన పరికరాలకు ఎప్పుడు చేరిందో చూస్తే గట్టి రాయి ఎంత లోతున ఉందో తెలుస్తుంది. ఆనకట్టల పునాదులకు ఇట్లాగే చూస్తారు. రాతి పైన శిథిలమైన పొర మందం ఎంతో తెలిస్తే, విద్యుత్తు ప్రవహింపజేసి చూసే పరీక్షతో కలిపి, బోరు ఎక్కడ వేయాలో వేపమండ కంటె మేలుగా చెప్పవచ్చు. నూటికి నూరు నీళ్ళు పడతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాని చీకట్లో రాయి విసరడానికీ, దీపం పట్టుకుని వెతకడానికీ తేడా ఉంది గదా.

మనలో చాలామందిమి మట్టి పిసికే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం. చదువు అయ్యాక ఏదో ఒక ఆఫీసులో కుర్చీ దొరికితే చాలునని ఇంట్లోవాళ్ళు ఆశపడతారు. ఆ ఆశ తప్పు కాదు. కుర్చీలో కూర్చున్న తరవాత మనం ఏమి చేస్తామన్నదే ప్రశ్న. మొహొరొవిచిచ్ గారికి కూడా ఒక సర్కారు ఆఫీసు, ఒక కుర్చీ, ఏటేటా పంపవలసిన ఒక నివేదిక, ఇవే ఉన్నాయి. ఒక సంవత్సరపు నివేదికలో ఆయన భూమి సరిహద్దును రాసి పంపారు. భూభౌతిక శాస్త్రంలో ఎమ్మెస్సీ సీటుకు ఈ ఏడు మన కాలేజీ నుంచి ఒక్కరైనా పరీక్ష రాయాలని కోరుతున్నాను. నేను రాస్తున్నాను. తోడు ఎవరైనా వస్తే పుస్తకాలు కలిసి చదువుకుందాం.